ముందు కూర్చుంటే లాగిన్ అవుతోంది, రిమోట్ డెస్క్‌టాప్‌లో మాత్రం డొమైన్ ఒప్పుకోవడం లేదు

కొత్త_అడ్మిన్ · సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. రెండు రోజులుగా తల పట్టుకు కూర్చున్నాను, దయచేసి దారి చూపించండి.

మా ఆఫీసులో ఇరవై దాకా కంప్యూటర్లు, ఒక డొమైన్ కంట్రోలర్ (డొమైన్‌లో, అంటే ఆఫీసు కంప్యూటర్లన్నీ చేరిన గుంపులో, అకౌంట్లు, పాస్‌వర్డ్లు ఒకేచోట చూసుకునే సర్వర్) ఉన్నాయి. ఇదివరకు చూసుకున్నాయన మానేశాక ఆ బాధ్యత నా మీద పడింది. అకౌంట్లు తెరవడం, ప్రింటర్లు కలపడం వరకు వచ్చు. అంతకు మించి అనుభవం లేదు.

ఇంటి దగ్గర నా సొంత ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ (ఇంటర్నెట్ మీదుగా ఆఫీసు నెట్‌వర్క్‌లోకి వెళ్ళే దారి) కలిపి, ఆఫీసులో నా సీటు దగ్గరున్న మెషీన్‌కి రిమోట్ డెస్క్‌టాప్ చేయాలి, అంటే దూరం నుంచే దాని స్క్రీన్ తెరిచి పని చేసుకోవాలి. ల్యాప్‌టాప్ డొమైన్‌లో లేదు, ఆఫీసు మెషీన్ ఉంది. వీపీఎన్ కలుస్తోంది. ఐపీ అడ్రస్‌కి పింగ్ వెళ్తోంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతోంది. కొట్టి ఎంటర్ నొక్కగానే "లాగాన్ అటెంప్ట్ ఫెయిల్డ్" అంటోంది. అదే పేరు, అదే పాస్‌వర్డ్ ఆఫీసుకెళ్ళి ఆ మెషీన్ ముందు కూర్చుని కొడితే వెంటనే డెస్క్‌టాప్ వచ్చేస్తోంది.

పాత విండోస్‌లో "లాగాన్ టు" అని డొమైన్ ఎంచుకునే పెట్టె ఉండేది కదా, అది ఇప్పుడెక్కడ ఉంది? ల్యాప్‌టాప్‌ని కూడా డొమైన్‌లో చేర్చాలా?

కేబుల్‌గది · సోమవారం, రాత్రి 9:25

ముందు రిమోట్ డెస్క్‌టాప్ వాడే పోర్ట్ 3389 తెరిచి ఉందో లేదో చూశారా? పింగ్ వెళ్ళినంత మాత్రాన రిమోట్ డెస్క్‌టాప్ వెళ్తున్నట్టు కాదు. ఫైర్‌వాల్ దగ్గర ఆగిపోతుండొచ్చు.

పాతసర్వర్ · సోమవారం, రాత్రి 9:41

కేబుల్‌గది గారూ, పాస్‌వర్డ్ తప్పని జవాబు వస్తోందంటే అవతలి మెషీన్ పలుకుతున్నట్టే. పోర్ట్ సంగతి వదిలేయొచ్చు.

కొత్త_అడ్మిన్ గారూ, ల్యాప్‌టాప్‌ని డొమైన్‌లో చేర్చక్కర్లేదు. మీ పేరు, పాస్‌వర్డ్ నిజమా కాదా అని తేల్చేది అవతలి మెషీన్, దాని వెనకున్న డొమైన్ కంట్రోలర్. మీ ల్యాప్‌టాప్ ఆ వివరాలు మోసుకెళ్ళి ఇస్తుంది, అంతే. కాకపోతే ఆ పేరు ఎవరి పుస్తకంలో వెతకాలో మీరే చెప్పాలి. ఏమీ చెప్పకుండా వట్టి పేరు కొడితే క్లయింట్ (మీ వైపున్న రిమోట్ డెస్క్‌టాప్ ప్రోగ్రామ్) మీ ల్యాప్‌టాప్ పేరునే ముందు తగిలించి పంపుతుంది. ఆ పేరుతో అక్కడ ఎవరూ లేరు కాబట్టి ఫెయిల్ అంటుంది.

మీరడిగిన పెట్టె ఎక్స్‌పీ కాలంలో ఉండేది. అప్పటి రిమోట్ డెస్క్‌టాప్ క్లయింట్‌లో "ఆప్షన్స్" నొక్కితే పేరు, పాస్‌వర్డ్, డొమైన్ అని మూడు గళ్ళు వచ్చేవి. విస్టా నుంచి తీసేశారు. ఇప్పుడు డొమైన్‌ని పేరులోనే కలిపి రాయాలి. రెండు పద్ధతులున్నాయి. డొమైన్ పొట్టి పేరు, వెనక్కి వాలిన గీత, ఆ తర్వాత మీ పేరు: ఆఫీసు\నాపేరు. లేదంటే ఈమెయిల్ మాదిరిగా: నాపేరు@ఆఫీసు.లోకల్.

గీత విషయంలో జాగ్రత్త. ముందుకు వాలిన గీత (/) పెడితే పని చేయదు.

పొట్టి పేరు ఏమిటో ఊహించకండి. పూర్తి డొమైన్ పేరులో మొదటి ముక్కే అది అయి ఉండాలన్న నియమం లేదు. పైగా పొట్టి పేరుకి 15 అక్షరాల హద్దు ఉంది. రేపు ఆఫీసు మెషీన్‌లో లాగిన్ అయ్యాక కమాండ్ ప్రాంప్ట్ తెరిచి హూ‌యామ్‌ఐ (whoami) అని కొట్టండి. గీతకి ముందు ఏది కనిపిస్తే అదే రాయండి.

నీలితెర · సోమవారం, రాత్రి 10:03

మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది విండోస్ హోమ్. దాన్నుంచి డొమైన్ మెషీన్‌కి వెళ్ళొచ్చా?

పాతసర్వర్ · సోమవారం, రాత్రి 10:07

వెళ్ళొచ్చండి. హోమ్ ఎడిషన్ డొమైన్‌లో చేరలేదు, రిమోట్ డెస్క్‌టాప్‌తో తనలోకి ఎవరినీ రానివ్వదు. బయటికి కనెక్ట్ కావడానికి మాత్రం ఏ అడ్డూ లేదు.

కొత్త_అడ్మిన్ · మంగళవారం, రాత్రి 8:50

పాతసర్వర్ గారూ, చాలా థాంక్స్. మీరు చెప్పినట్టు హూ‌యామ్‌ఐ కొట్టి చూశాను. నేను అనుకున్న పేరు వేరు, అక్కడ కనిపించింది వేరు. పూర్తి డొమైన్ పేరు పొడుగ్గా ఉంది, పొట్టి పేరు నాలుగక్షరాలే.

ఇప్పుడు రిమోట్ డెస్క్‌టాప్‌లో "షో ఆప్షన్స్" నొక్కి, యూజర్‌నేమ్ గడిలో ఆ పేరుతో సహా రాశాను. మెసేజ్ మారింది, కానీ లోపలికి వెళ్ళలేదు. ఇప్పుడు అంటున్నది ఇది: అవతలి కంప్యూటర్‌కి నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ (స్క్రీన్ చూపించకముందే మనమెవరో తేల్చుకోవడం) కావాలట, అది చేయడానికి మీ విండోస్ డొమైన్ కంట్రోలర్ అందుబాటులోకి రాలేదట.

నాకు అర్థం కానిది ఒక్కటే. డొమైన్ కంట్రోలర్ బాగానే ఉంది. మిగతా వాళ్ళందరూ పని చేసుకుంటున్నారు. ఈ మెషీన్ ముందు పొద్దున కూడా నేను డొమైన్ అకౌంట్‌తోనే లాగిన్ అయ్యాను. మరి అందుబాటులో లేదని ఎందుకంటోంది?

సూటిబాట · మంగళవారం, రాత్రి 9:02

దీనికి చిన్న మార్గం ఉంది. ఆ మెషీన్‌లో సిస్టమ్ ప్రాపర్టీస్‌లో రిమోట్ ట్యాబ్‌కి వెళ్ళి, నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఉన్న కంప్యూటర్లనే అనుమతించు అన్న చోట టిక్ తీసేయండి. మా దగ్గర ఇదే మెసేజ్ వచ్చినప్పుడు టిక్ తీయగానే పని చేసింది.

రాత్రిషిఫ్ట్ · మంగళవారం, రాత్రి 9:30

సూటిబాట గారూ, మీ అనుభవం నిజమే, టిక్ తీస్తే లోపలికి వెళ్ళొచ్చు. కానీ దయచేసి దాన్ని పరిష్కారమని చెప్పకండి. ఆ టిక్ తీయడమంటే ఎవరో ఏమిటో తేలకముందే అవతలి మనిషికి లాగాన్ స్క్రీన్ దాకా దారి ఇచ్చేయడం. 2019 మే నెలలో బయటపడిన బ్లూకీప్ లోపం గుర్తుందా? విండోస్ 7, సర్వర్ 2008 ఆర్2 లాంటి పాత మెషీన్లలో పాస్‌వర్డ్ అక్కర్లేకుండానే రిమోట్ డెస్క్‌టాప్ గుండా దూరే వీలు కల్పించింది. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ ఆన్‌లో ఉన్న చోట, సరైన అకౌంట్ చేతిలో లేనివాడికి ఆ దారి మూసుకుపోయింది. అప్పట్లో రాత్రంతా కూర్చుని ఒక్కో మెషీన్‌లో ఆ టిక్ ఉందో లేదో చూసుకున్నవాళ్ళలో నేనొకణ్ణి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

పైగా ఇక్కడ టిక్ తీస్తే అసలు జబ్బు దాక్కుంటుంది.

కొత్త_అడ్మిన్ గారూ, మీ ప్రశ్నకి జవాబు ఇది. మెషీన్ ముందు కూర్చుని మీరు లాగిన్ అవుతున్నప్పుడు అది డొమైన్ కంట్రోలర్‌తో మాట్లాడుతోందన్న నమ్మకం లేదు. డొమైన్ మెషీన్ ప్రతిదీ, ఇదివరకు లాగిన్ అయిన వాళ్ళ ఆనవాళ్ళు కొన్ని తన దగ్గర దాచుకుంటుంది. మామూలుగా 10 మందివి. కంట్రోలర్ అందనప్పుడు ఆ దాచుకున్న ఆనవాలుతో సరిపోల్చి లోపలికి పంపేస్తుంది. ల్యాప్‌టాప్ పట్టుకుని ఊరెళ్ళినవాళ్ళు లాగిన్ కాగలిగేది దీనివల్లే. ఎదురుగా కూర్చున్నవాళ్ళకి తేడా తెలియదు, ఒక్క హెచ్చరిక కూడా కనిపించకపోవచ్చు.

రిమోట్ డెస్క్‌టాప్ విషయంలో నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్ అన్నది నెట్‌వర్క్ లాగాన్. దానికి ఆ దాచుకున్న ఆనవాలు చెల్లదు. మెషీన్ అప్పటికప్పుడు కంట్రోలర్‌ని అడిగి తీరాలి. అడగలేకపోతే మీరు చూసిన మెసేజ్ వస్తుంది. కాబట్టి మీ ఆఫీసు మెషీన్‌కి, కంట్రోలర్‌కి మధ్య మాటలు ఆగిపోయి ఎన్నాళ్ళో అయి ఉంటుంది. మీకు ఇప్పుడు తెలిసింది.

కొత్త_అడ్మిన్ · మంగళవారం, రాత్రి 9:44

ఇది చదివాక ఒక విషయం తట్టింది. ఆ మెషీన్‌లో షేర్డ్ ఫోల్డర్ తెరిస్తే ఈమధ్య తరచూ పాస్‌వర్డ్ అడుగుతోంది. నేను పట్టించుకోలేదు. మరి ఇది రూఢి చేసుకోవడం ఎలా?

టికెట్_కౌంటర్ · మంగళవారం, రాత్రి 10:10

షేర్ పాస్‌వర్డ్ అడగడం అదే జబ్బుకి ఇంకో లక్షణం.

ఆ మెషీన్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఎన్‌ఎల్‌టెస్ట్ (nltest) అనే కమాండ్ వాడండి. దాని పక్కన ఖాళీ వదిలి /డీఎస్‌గెట్‌డీసీ: (/dsgetdc:) అని కొట్టి, చుక్కలతో సహా మీ పూర్తి డొమైన్ పేరు రాయండి. కంట్రోలర్ దొరికితే దాని పేరు, అడ్రస్ చూపిస్తుంది. దొరకకపోతే 1355 అన్న ఎర్రర్ ఇస్తుంది, అంటే అలాంటి డొమైనే కనపడటం లేదని. అదే కమాండ్‌లో దాని బదులు /ఎస్‌సీ_వెరిఫై: (/sc_verify:) పెడితే మెషీన్‌కీ డొమైన్‌కీ మధ్య ఉన్న నమ్మకం నిలిచి ఉందో లేదో చెబుతుంది. అక్కడ 1311 వస్తే లాగాన్ సర్వర్లేవీ దొరకలేదని అర్థం.

చాలామంది "లాగాన్‌సర్వర్" అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ చూసి, కంట్రోలర్ పేరు కనపడుతోంది కదా బాగానే ఉందనుకుంటారు. దాచుకున్న ఆనవాలుతో లాగిన్ అయినా అందులో పాత పేరే ఉంటుంది. దాన్ని నమ్మకండి.

అక్కడే ఐపీకాన్ఫిగ్ /ఆల్ (ipconfig /all) కూడా కొట్టి డీఎన్‌ఎస్ సర్వర్ల (పేరు అడిగితే అడ్రస్ చెప్పేవి) వరసలో ఏముందో ఇక్కడ రాయండి. నా అనుమానం అక్కడే ఉంది.

కొత్త_అడ్మిన్ · మంగళవారం, రాత్రి 10:15

ఆఫీసుకి వెళ్ళకుండా ఆ మెషీన్‌లోకి ఇప్పుడే వెళ్ళే దారి లేదా? రేపటిదాకా ఆగాలని లేదు.

రాత్రిషిఫ్ట్ · మంగళవారం, రాత్రి 10:22

ఆ మెషీన్‌లో లోకల్ అడ్మినిస్ట్రేటర్ అకౌంట్ పాస్‌వర్డ్ మీ దగ్గరుంటే, ఆ అకౌంట్ డిసేబుల్ చేసి లేకపోతే, వెళ్ళొచ్చు. లోకల్ అకౌంట్‌ని తేల్చడానికి కంట్రోలర్‌తో పని లేదు, పుస్తకం ఆ మెషీన్‌లోనే ఉంటుంది. పేరు రాసేటప్పుడు గీతకి ముందు ఆ ఆఫీసు మెషీన్ పేరు రాయండి. చుక్క పెట్టి గీత పెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఎదురుగా కూర్చున్నప్పుడు చుక్క అంటే ఆ మెషీనే. దూరం నుంచి కొట్టేటప్పుడు మాత్రం పూర్తి పేరు రాస్తే అనుమానానికి తావుండదు.

ఇంకొక్క మాట. పాస్‌వర్డ్ పెట్టని లోకల్ అకౌంట్‌ని విండోస్ దూరం నుంచి రానివ్వదు.

కొత్త_అడ్మిన్ · మంగళవారం, రాత్రి 10:58

వెళ్ళగలిగాను! పాతాయన రాసిపెట్టిన కాగితంలో లోకల్ అడ్మిన్ పాస్‌వర్డ్ ఉంది.

ఎన్‌ఎల్‌టెస్ట్ కొడితే 1355 వచ్చింది. రెండోదానికి 1311. ఐపీకాన్ఫిగ్‌లో డీఎన్‌ఎస్ సర్వర్ల దగ్గర 8.8.8.8, దాని కింద 8.8.4.4 ఉన్నాయి. మా కంట్రోలర్ అడ్రస్ ఎక్కడా లేదు. గుర్తుకొచ్చింది, రెండు నెలల కిందట ఇంటర్నెట్ నెమ్మదిగా ఉందని ఎవరో వచ్చి ఏదో మార్చి వెళ్ళారు.

టికెట్_కౌంటర్ · మంగళవారం, రాత్రి 11:09

దొరికింది. ఇక మిగిలింది సులువే.

డొమైన్ మెషీన్ తన కంట్రోలర్‌ని పేరు చెప్పి వెతకదు. "ఈ డొమైన్‌కి కంట్రోలర్లు ఎవరు?" అని డీఎన్‌ఎస్‌లో ఎస్‌ఆర్‌వీ రికార్డులు (ఫలానా సేవ ఏ మెషీన్‌లో దొరుకుతుందో చెప్పేవి) అడుగుతుంది. ఆ రికార్డులు మీ లోపలి డీఎన్‌ఎస్‌లో ఉంటాయి, చిన్న ఆఫీసుల్లో సాధారణంగా కంట్రోలరే డీఎన్‌ఎస్ సర్వర్ కూడా. బయట ప్రపంచానికి పనికొచ్చే గూగుల్ డీఎన్‌ఎస్ 8.8.8.8కి మీ ఆఫీసు డొమైన్ ఉందన్న సంగతే తెలియదు. అడిగితే లేదనే చెబుతుంది. మెషీన్ పాపం అది నమ్మి కంట్రోలర్ లేదనుకుంటుంది. మీకు ఐపీతో పింగ్ వెళ్ళడం, వెబ్‌సైట్లు తెరుచుకోవడం, ఎదురుగా లాగిన్ కావడం, ఇవన్నీ యథావిధిగా జరుగుతున్నాయి కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు.

డీఎన్‌ఎస్ గడిలో కంట్రోలర్ ఐపీ ఒక్కటే పెట్టండి. రెండో కంట్రోలర్ ఉంటే దానిది రెండోదిగా పెట్టండి. "ఎందుకైనా మంచిది" అని రెండో గడిలో 8.8.8.8 ఉంచేయకండి. మొదటి సర్వర్ ఒక్కసారి ఆలస్యం చేస్తే చాలు, విండోస్ రెండోదాని దగ్గరికి వెళ్ళి కాసేపు అక్కడే ఉండిపోతుంది. అప్పుడు ఒక రోజు పని చేస్తుంది, ఒక రోజు చేయదు. అలాంటి జబ్బు పట్టుకోవడం ఇంతకంటే కష్టం. బయటి పేర్లు కావాలంటే 8.8.8.8ని కంట్రోలర్‌లోని డీఎన్‌ఎస్ సర్వీసులో ఫార్వర్డర్‌గా (తనకి తెలియని పేర్లు అది అడిగే చోటుగా) పెట్టుకోండి.

మార్చాక ఐపీకాన్ఫిగ్ /ఫ్లష్‌డీఎన్‌ఎస్ (ipconfig /flushdns) కొట్టి, ఆ రెండు పరీక్షలూ మళ్ళీ చేయండి.

నీలితెర · మంగళవారం, రాత్రి 11:20

నాదీ దీనికి దగ్గరి బాధే. మా సర్వర్‌కి రిమోట్ డెస్క్‌టాప్ చేస్తే, మొదటిసారి లాగిన్ అయ్యే ముందు పాస్‌వర్డ్ మార్చుకోవాలి అంటుంది, మార్చుకునే గడి మాత్రం ఇవ్వదు. వెనక్కి పంపేస్తుంది. ఇదీ డీఎన్‌ఎస్సేనా?

పాతసర్వర్ · బుధవారం, ఉదయం 7:15

కాదండి. అకౌంట్ కొత్తగా తెరిచినప్పుడు "తర్వాతి లాగాన్‌లో పాస్‌వర్డ్ మార్చాలి" అన్న టిక్ ఉంచేసినా, పాస్‌వర్డ్ గడువు దాటిపోయినా ఇలాగే అవుతుంది. నెట్‌వర్క్ లెవెల్ ఆథెంటికేషన్‌లో మీరెవరో తేలేది అవతలి స్క్రీన్ తెరుచుకోకముందే. పాస్‌వర్డ్ మార్చే గడి ఉన్నది ఆ స్క్రీన్ మీద. అందుకే చిక్కు.

గడువు తీరకముందే, రిమోట్ సెషన్‌లో ఉండగా కంట్రోల్, ఆల్ట్, ఎండ్ మూడూ కలిపి నొక్కండి. డిలీట్‌తో నొక్కితే అది మీ ముందున్న మెషీన్‌కి తగులుతుంది, ఎండ్‌తో అయితే అవతలిదానికి. అందులో "పాస్‌వర్డ్ మార్చు" ఉంటుంది. గడువు ఇప్పటికే తీరితే ఆఫీసులో డొమైన్ మెషీన్ ఏదైనా ముందు కూర్చుని మార్చుకోవాలి, లేదంటే అడ్మిన్ మార్చి, ఆ టిక్ తీసేసి ఇవ్వాలి.

నీలితెర · బుధవారం, ఉదయం 8:02

టిక్ తీయించాను. వెళ్ళింది. కృతజ్ఞతలు.

కొత్త_అడ్మిన్ · బుధవారం, సాయంత్రం 6:40

డీఎన్‌ఎస్ మార్చాను. ఎన్‌ఎల్‌టెస్ట్ ఇప్పుడు కంట్రోలర్ పేరు చక్కగా చూపిస్తోంది. రెండో పరీక్ష కూడా సక్సెస్. నా మామూలు డొమైన్ అకౌంట్‌తో రిమోట్ డెస్క్‌టాప్ చేస్తే మూడో రకం మెసేజ్: ఈ యూజర్ అకౌంట్‌కి రిమోట్ లాగిన్ అనుమతి లేదు కాబట్టి కనెక్షన్ నిరాకరించాం అని.

కేబుల్‌గది · బుధవారం, సాయంత్రం 6:52

ఇది మంచి వార్తే. మీరెవరో తేలిపోయింది, హక్కు ఒక్కటే లేదు. ఆ మెషీన్‌లో "రిమోట్ డెస్క్‌టాప్ యూజర్స్" అనే లోకల్ గ్రూప్‌లో మీ డొమైన్ అకౌంట్‌ని చేర్చండి.

కొత్త_అడ్మిన్ · బుధవారం, సాయంత్రం 7:20

అయింది!! లోపలికి వెళ్ళాను. హూ‌యామ్‌ఐ కొడితే డొమైన్ పేరు, గీత, నా పేరు. మూడు రోజుల తర్వాత ఆ ఒక్క లైను చూసి ఎంత సంతోషమేసిందో.

ఇంకో ముగ్గురు ఉద్యోగులకి కూడా వాళ్ళ వాళ్ళ మెషీన్లకి ఇలాగే ఇవ్వాలి. ఒక్కోదానికి చేయి పెట్టాలా? ఒకరు నేరుగా సర్వర్‌లోకే, అంటే కంట్రోలర్‌లోకే, కావాలంటున్నారు.

రాత్రిషిఫ్ట్ · బుధవారం, రాత్రి 8:35

సంతోషం. ముగ్గురే కాబట్టి చేత్తో చేయడమే మేలు, ఎవరి మెషీన్‌కి వాళ్ళనే చేర్చండి. ముందుముందు ఎక్కువైతే గ్రూప్ పాలసీ (డొమైన్ మెషీన్లకి సెట్టింగులు ఒకేచోట నుంచి పంపే పద్ధతి) ప్రిఫరెన్సెస్‌లో లోకల్ గ్రూపులు ఉంటాయి, అక్కడి నుంచి పంపొచ్చు. "రిస్ట్రిక్టెడ్ గ్రూప్స్" అనే పాత పద్ధతి ముట్టుకునే ముందు బాగా చదవండి. అందులో సభ్యుల జాబితా ఇస్తే అప్పటికే ఉన్నవాళ్ళని తుడిచేసి మీరిచ్చినవాళ్ళనే ఉంచుతుంది.

కంట్రోలర్‌లోకి మాత్రం వద్దు. అక్కడ ఆ గ్రూప్‌లో చేర్చినా వెళ్ళలేరు కూడా. కంట్రోలర్ మీద రిమోట్ డెస్క్‌టాప్ హక్కు మొదట్నుంచీ అడ్మినిస్ట్రేటర్లకే ఇచ్చి ఉంటుంది. ఆ హక్కు విడిగా ఇవ్వొచ్చు గానీ, ఇవ్వకండి. అందరి పాస్‌వర్డ్ల ఆనవాళ్ళూ ఉన్న గది తాళం ఫైళ్ళు చూసుకోవడానికి ఇచ్చేది కాదు. ఆయనకి కావాల్సింది ఏ ఫోల్డరో కనుక్కుని షేర్ చేయండి.

అలాగే మీరు కూడా డొమైన్ అడ్మిన్ అకౌంట్‌తో మీ సొంత ల్యాప్‌టాప్ నుంచి రోజువారీగా వెళ్ళొద్దు. ల్యాప్‌టాప్‌లో ఏదైనా చెడ్డ ప్రోగ్రామ్ కూర్చుని ఉంటే మీరు కొట్టే ప్రతి అక్షరం దానికి దొరుకుతుంది.

సూటిబాట · బుధవారం, రాత్రి 8:50

రాత్రిషిఫ్ట్ గారూ, నిన్న మీరు చెప్పాక మా మెషీన్లలో చూశాను. టిక్ తీసిన రెండింటిలోనూ డీఎన్‌ఎస్ తప్పే ఉంది. సరిచేసి టిక్ మళ్ళీ పెట్టాను, పని చేస్తోంది. చెప్పినందుకు ధన్యవాదాలు.

టికెట్_కౌంటర్ · బుధవారం, రాత్రి 9:14

కొత్త_అడ్మిన్ గారూ, ఇంకా ఐపీ అడ్రస్‌తోనే కనెక్ట్ అవుతున్నారా? అయితే ఆ పసుపు రంగు సర్టిఫికెట్ హెచ్చరిక ప్రతిసారీ వస్తూ ఉండాలి.

కొత్త_అడ్మిన్ · బుధవారం, రాత్రి 9:18

అవునండి, వస్తోంది. ఎస్ నొక్కి వెళ్ళిపోతున్నాను. పేరుతో ప్రయత్నిస్తే దొరకడం లేదంటోంది.

టికెట్_కౌంటర్ · బుధవారం, రాత్రి 9:47

ఎస్ నొక్కే అలవాటు చేసుకోకండి. అవతల ఉన్నది నిజంగా మీ మెషీనేనా అని అది అడుగుతోంది.

డొమైన్‌లో మీరెవరో తేల్చే పద్ధతులు రెండు, కెర్బరోస్, ఎన్‌టీఎల్‌ఎమ్. కెర్బరోస్‌లో కంట్రోలర్ దగ్గర ముందు మీ పేరు మీద ఒక టికెట్, తర్వాత ఫలానా మెషీన్‌కని ఇంకో టికెట్ తీసుకోవాలి. ఆ టికెట్ మెషీన్ పేరు మీద రాసి ఉంటుంది కాబట్టి, మీరెవరో మెషీన్‌కీ, మెషీనేదో మీకూ రెండు వైపులా రుజువవుతుంది. ఐపీ కొడితే మామూలుగా ఆ పేరు దొరకదు, ఎన్‌టీఎల్‌ఎమ్‌కి జారిపోతుంది. ఎన్‌టీఎల్‌ఎమ్ అవతలి మెషీన్‌ని మీకు రుజువు చేయదు, అందుకే సర్టిఫికెట్ ప్రశ్న. "ప్రొటెక్టెడ్ యూజర్స్" గ్రూప్‌లో ఉన్న అకౌంట్లకి ఎన్‌టీఎల్‌ఎమ్ అసలే పనికిరాదు. అలాంటివాళ్ళు ఐపీతో ఎంత కొట్టినా లోపలికి రాలేరు, పాస్‌వర్డ్ తప్పేమో అనుకుని మళ్ళీ మళ్ళీ కొడుతుంటారు.

వీపీఎన్ సెట్టింగ్‌లో డీఎన్‌ఎస్‌గా కంట్రోలర్ అడ్రస్ ఇవ్వండి. ల్యాప్‌టాప్ డొమైన్‌లో లేకపోయినా ఫర్వాలేదు. మెషీన్ పేరు చుక్కలతో సహా పూర్తిగా రాసి, యూజర్‌నేమ్ ఈమెయిల్ మాదిరి పద్ధతిలో కొట్టండి. కెర్బరోస్‌తో వెళ్తే ఆ పసుపు హెచ్చరిక రాదు.

కేబుల్‌గది · బుధవారం, రాత్రి 10:05

కెర్బరోస్ పేరెత్తారు కాబట్టి గడియారం సంగతి కూడా చెప్పాలి. మెషీన్ టైముకీ కంట్రోలర్ టైముకీ 5 నిమిషాలకు మించి తేడా ఉంటే టికెట్ చెల్లదు. ఒకసారి కరెంటు పోయి వచ్చాక మా వర్చువల్ మెషీన్లన్నీ ఏడు నిమిషాలు వెనక్కి వెళ్ళాయి. రిమోట్ డెస్క్‌టాప్‌లో తేదీ, సమయం తేడా ఉందని స్పష్టంగానే రాసి వచ్చింది. నేను మెసేజ్ సగం చదివి పాస్‌వర్డ్లు మార్చడం మొదలుపెట్టాను. మూడు గంటలు పోయాయి. చివరికి కింద మూలన ఉన్న గడియారాన్ని ఫోన్‌తో పోల్చి చూసుకున్నప్పుడు తెలిసింది. వర్చువల్ మెషీన్లకి హోస్ట్ (అవి నడిచే అసలు కంప్యూటర్) ఇచ్చే టైము వద్దని, కంట్రోలర్ ఇచ్చే టైమే తీసుకోమని అప్పుడు పెట్టాం.

పాతసర్వర్ · గురువారం, ఉదయం 7:30

మెసేజ్ స్పష్టంగా రాని సందర్భాల్లో ఆ మెషీన్‌లోని ఈవెంట్ వ్యూయర్ (జరిగినవాటి చిట్టా చూపే ప్రోగ్రామ్) తెరవండి. సెక్యూరిటీ లాగ్‌లో 4625 అంటే విఫలమైన లాగాన్. "లాగాన్ అటెంప్ట్ ఫెయిల్డ్" అని బయటికి ఒక్కటే మాట కనిపిస్తుంది కానీ లోపల కారణం విడిగా రాసి ఉంటుంది. స్టేటస్, సబ్ స్టేటస్ అని రెండు గళ్ళుంటాయి, రెండూ చూడండి. చివర 6ఏ ఉంటే పాస్‌వర్డ్ తప్పు. 64 ఉంటే అలాంటి పేరే లేదు, అంటే డొమైన్ ముక్క తప్పు రాశారేమో చూసుకోవాలి. 234 అంటే అకౌంట్ లాక్ అయింది, 71 అంటే పాస్‌వర్డ్ గడువు తీరింది, 133 అంటే గడియారం, 15బీ అంటే ఆ రకం లాగాన్‌కి హక్కు లేదు. అందులోనే "అకౌంట్ డొమైన్" అన్న గడిలో మీ ల్యాప్‌టాప్ పేరు కనపడితే, సోమవారం రాత్రి జరిగింది ఏమిటో కళ్ళారా చూడొచ్చు.

కొత్త_అడ్మిన్ · గురువారం, రాత్రి 8:15

చూశాను. సోమవారం రాత్రి 8:57కి 4625, అకౌంట్ డొమైన్ దగ్గర నా ల్యాప్‌టాప్ పేరు, సబ్ స్టేటస్ చివర 64. మీరన్నట్టే ఉంది.

వీపీఎన్‌లో డీఎన్‌ఎస్ పెట్టాక పూర్తి పేరుతో కనెక్ట్ అయ్యాను, పసుపు హెచ్చరిక రాలేదు.

మిగతా మెషీన్లు కూడా ఒక్కొక్కటే చూశాను. ఇంకో మూడింటిలో అదే 8.8.8.8 చేత్తో పెట్టి ఉంది. అన్నీ మార్చాను. డీహెచ్‌సీపీ (మెషీన్లకి అడ్రస్‌లు దానంతటదే ఇచ్చే సర్వీసు) ఇచ్చే డీఎన్‌ఎస్ వరసలో కూడా కంట్రోలర్ తర్వాత 8.8.8.8 రెండోదిగా ఉంది, అదీ తీసేశాను. మార్చిన మూడింటిలో రెండు బాగున్నాయి. మూడోది మాత్రం ఎదురుగా కూర్చుని కొట్టినా ఇప్పుడు లాగిన్ కావడం లేదు. ఈ వర్క్‌స్టేషన్‌కీ ప్రైమరీ డొమైన్‌కీ మధ్య ట్రస్ట్ రిలేషన్‌షిప్ ఫెయిల్ అయిందంటోంది. నా మార్పు వల్లే చెడిందేమోనని భయంగా ఉంది.

రాత్రిషిఫ్ట్ · గురువారం, రాత్రి 8:40

మీ వల్ల చెడలేదు. ఇన్నాళ్ళూ కంట్రోలర్‌తో మాటే లేదు కాబట్టి ఆ సంగతి బయటపడలేదు, ఇప్పుడు మాట కలిసింది కాబట్టి బయటపడింది. డొమైన్‌లో ప్రతి మెషీన్‌కీ మనలాగే సొంత అకౌంట్, పాస్‌వర్డ్ ఉంటాయి. మామూలుగా 30 రోజులకోసారి మెషీనే దాన్ని మార్చుకుంటుంది. కంట్రోలర్ అందనంత మాత్రాన ఇది తెగదు, మెషీన్ మార్చుకోకుండా ఆగుతుంది. తెగిందంటే ఆ మెషీన్‌ని పాత బ్యాకప్ నుంచో రీస్టోర్ పాయింట్ నుంచో వెనక్కి తెచ్చి ఉంటారు, లేదా అదే పేరుతో ఇంకో మెషీన్‌ని డొమైన్‌లో చేర్చి ఉంటారు. ఒకసారి అడిగి చూడండి.

డొమైన్‌లోంచి తీసి మళ్ళీ చేర్చక్కర్లేదు. ఆ మెషీన్‌లో లోకల్ అడ్మిన్‌గా వెళ్ళి పవర్‌షెల్ తెరిచి టెస్ట్-కంప్యూటర్‌సెక్యూర్‌ఛానల్ (Test-ComputerSecureChannel) కమాండ్‌కి -రిపేర్ (-Repair) జతచేసి, -క్రెడెన్షియల్ (-Credential) దగ్గర మెషీన్ అకౌంట్లు సరిచేసే హక్కున్న డొమైన్ అకౌంట్ ఇవ్వండి. ట్రూ అని వస్తే సరిపోయినట్టే.

కొత్త_అడ్మిన్ · శుక్రవారం, ఉదయం 10:05

ట్రూ వచ్చింది. అడిగితే, రెండు నెలల కిందట వచ్చినాయనే అదే రోజు రీస్టోర్ పాయింట్‌కి వెనక్కి తీసుకెళ్ళారట. ఆ సీటులో కూర్చునే ఆవిడ ఇప్పుడే లాగిన్ అయ్యారు, షేర్డ్ ఫోల్డర్ పాస్‌వర్డ్ అడగకుండా తెరుచుకుందని చెప్పారు. సాయంత్రం ఇంటి నుంచి ఆవిడ మెషీన్‌కి ఆవిడ అకౌంట్‌తో రిమోట్ డెస్క్‌టాప్ ప్రయత్నించమన్నాను. పేరు ఎలా రాయాలో గీతతో సహా కాగితం మీద రాసిచ్చాను.